ఇంటిలోని బుద్ధపీఠము

అమరావతిలోని అమరేశ్వరాలయమున శక సంవత్సరము 1104, అనగా క్రీ. శ. 1182 నాటి శాసనమొకటి కలదు. ధాన్యకటకము నేలిన కోట కేతరాజు దానిని వేయించెను. కేతరాజు శైవుడు. అయినను అచట నెలకొన్న బుద్ధదేవునకు గ్రామములను, అఖండదీపములను సమర్పించినట్లు ఆ శాసనము చెప్పుచున్నది. 1234లో మరల దీపదానము జరిగినది. సింహళమునందలి గడలాదెణియ శిలాశాసనము (1344) ధర్మకీర్తి యను స్థవిరుడు శ్రీధాన్యకటకమున రెండంతస్తుల ప్రతిమాగృహమును బాగుచేయించెనని తెలుపుచున్నది. ఆంధ్రదేశమున జరిగిన బౌద్ధారాధనమును గూర్చి మనకు దొరకు కడపటి వార్తలలో నిది యొకటి. అటు తరువాత ఆ దీపము కొండెక్కినది.

అది యెందుకు కొండెక్కినదో చరిత్రకారులు విస్తరించి వ్రాసియున్నారు. రాజాదరణము సన్నగిల్లుట, సముద్రవాణిజ్యము క్షీణించుట, శైవవైష్ణవములు ప్రబలుట కారణములుగా చూపబడినవి. వీనిని కాదనుటకు వీలులేదు. కాని యివి యన్నియు విహారమునకు సంబంధించిన కారణములు. భిక్షువులు వెడలిపోయిన పిమ్మట ఉపాసకుడేమి చేసెను? అతని యింట బుద్ధునకొక చోటుండెనా? ఉండినచో అది యేల నిలువలేదు? ఈ ప్రశ్నకు మన పరిశోధనలలో దక్కిన చోటు తక్కువ. పీఠమనగా నిట నా యుద్దేశము చాల చిన్న వస్తువు: ఇంటిలో కొంచెమెత్తైన యొక స్థలము, దానిపై ప్రతిమయో పటమో గ్రంథమో, దాని ముందు దినదినము పెట్టు నీరు, పువ్వు, దీపము. భారతభూమియందలి బౌద్ధము గృహస్థునకు స్తూపమును, బోధివృక్షమును, దానశీలములను చూపినదే గాని, యిట్టి పీఠమును విధిగా నేర్పరచలేదనియు, ఏర్పరచిన దేశములలో ఆ మతము ఇంటి బలముచేత నిలిచినదనియు నా యభిప్రాయము. ఆ నిలుకడకు చెల్లించిన మూల్యమును సైతము చూడవలసియున్నది.

ముందుగా పాళిగ్రంథములను చూతము. దీఘనికాయమునందలి సిగాలోవాదసుత్తము గృహస్థధర్మమునకు ప్రధానాధారము. సిగాలుడను యువకుడు తెల్లవారుజామున స్నానముచేసి, తడిబట్టలతో, తడిజుట్టుతో ఆరు దిక్కులకు మ్రొక్కుచుండును. తండ్రి చనిపోవుచు చెప్పిన మాట యది. బుద్ధుడాతనిని వారింపలేదు. తూర్పనగా తల్లిదండ్రులు, దక్షిణమనగా గురువులు, పడమరయనగా ఆలుబిడ్డలు, ఉత్తరమనగా మిత్రులు, క్రిందు సేవకులు, మీదు శ్రమణబ్రాహ్మణులు అని యా దిక్కులకు క్రొత్త యర్థమును చెప్పెను. సిగాలుని మ్రొక్కు నడవడిగా మారినది. కాని ఆ యింట క్రొత్తగా పీఠమేదియు వెలయలేదు. అంగుత్తరనికాయమున గృహస్థు చేయదగిన అయిదు బలులు చెప్పబడినవి: జ్ఞాతులకు, అతిథులకు, గతించిన పితరులకు, రాజునకు, దేవతలకు. ఇంటిలోని పాతపూజలను పాతవారికే విడిచిపెట్టిన యౌదార్యమిందు కనబడును. ఈ యౌదార్యమే తరువాత లోటైనదని నాకు తోచుచున్నది. పుట్టుక, పెండ్లి, చావు మొదలగు సందర్భములన్నియు మునుపటి పురోహితుని చేతులలోనే యుండిపోయినవి.

కాళింగబోధిజాతకపు వర్తమానకథ మన విషయమునకు మరింత దగ్గరిది. బుద్ధుడు చారికకు వెడలినప్పుడు శ్రావస్తిప్రజలు పూలదండలతో జేతవనమునకు వత్తురు. ఆయన లేడు. దండలను గంధకుటీద్వారమున పెట్టి పోవుదురు. తాము లేనపుడు ప్రజలు దేనిని పూజింపవలెనని ఆనందుడు బుద్ధుని ప్రశ్నించును. చైత్యములు శారీరకము, పారిభోగికము, ఉద్దేశికము అని మూడువిధములని యట చెప్పబడినది. ధాతువు మొదటిది. బుద్ధుడు వాడుకొన్నది రెండవది. బోధివృక్షము దీనిలో చేరును. ఆయన నుద్దేశించి కల్పించుకొన్నది మూడవది. ఇందు మూడవదానిని గూర్చి కథ చెప్పు మాట గమనింపదగినది. అది ఆధారవస్తువు లేనిదట, మనోమాత్రమట. ధాతుపూజ బుద్ధుడు జీవించియుండగా పొసగదు. కాబట్టి జేతవనద్వారమున బోధివృక్షమును నాటిరి. పూలదండ కొక చోటు దొరకినది. ఆ చోటు విహారపు వాకిటనేగాని శ్రావస్తిలోని యింటిలో కాదు.

ప్రపంచమందలి బౌద్ధపీఠములన్నిటికి మూలప్రశ్న ఈ కథలో నున్నది. రావలసినవాడు ఇంటలేడు, తెచ్చిన పువ్వు నెక్కడ పెట్టవలెను? సర్వాస్తివాదుల వినయమున ఇదే ప్రశ్నను అనాథపిండదుడు మరియొక విధముగా నడిగి, బుద్ధుని కేశనఖములను పొంది, వానిపై స్తూపమును కట్టించుట కనబడును. అక్కడను జవాబు స్తూపమే.

ఇక ఆంధ్రదేశపు సాక్ష్యము. అమరావతీశిల్పములలో ప్రాచీనమైనవానియందు బుద్ధుని మూర్తి లేదు. శూన్యాసనము, దానిపై దిండు, దాని ముందు పాదముద్రలు, చుట్టును చేతులు మోడ్చిన స్త్రీపురుషులు. ఈ దృశ్యమును విహారపూజగా భావించుట మనకలవాటైనది. కాని నిదానించి చూచినచో నది యింటికి వచ్చు పెద్ద కొరకు సిద్ధపరచి యుంచిన యాసనమువలె నుండును. శిల్పి దానిని ఏ యింట చూచెనో శిల్పము చెప్పదు.

శాసనములలో నాకు మిక్కిలి ముఖ్యముగా తోచినది విధికుని శాసనము. విధికుడు చర్మకారుడు, నాగోపాధ్యాయుని కుమారుడు. తల్లితో, భార్యతో, సోదరులతో, నాగుడను కుమారునితో, కుమార్తెలతో, జ్ఞాతిమిత్రబాంధవులతో కూడి పూర్ణఘటము చెక్కిన శిలాఫలకమును అమరావతీస్తూపమునకు దేయధర్మముగా నిచ్చెను. చర్మకారుని తండ్రి ఉపాధ్యాయుడగుట నాటి సంఘమును గూర్చి చెప్పు సంగతి వేరుగ విచారింపదగినది. ఇక్కడ రెండు విషయములు చాలును. ఒకటి, కుటుంబమంతయు పేరుపేరున పుణ్యములో పాలు పంచుకొన్నది. రెండు, వారెంచుకొన్న బొమ్మ పూర్ణఘటము. నిండుకుండ గడపదగ్గర మంగళవస్తువనుట తెలుగువారికి చెప్పవలసిన పనిలేదు. ఈ చిహ్నము స్తూపమునుండి యింటికి వచ్చినదని కాక, ఇంటినుండి స్తూపమునకు పోయినదని యూహించుటయే సహజముగా కనబడుచున్నది. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు ఉపాసిక బోధిశ్రీయు ఇట్లే తన బంధువులనందరిని పేర్కొని, చైత్యగృహమును కట్టించి, దాని పుణ్యమును వారికి పంచినది. కుటుంబము స్తూపమువద్దకు తరలివెళ్లిన వృత్తాంతము మనకు రాతిపై దొరకుచున్నది. తిరిగి యింటికి వచ్చి వారేమి చేసిరో తెలుపు శాసనము లేదు.

శాసనము లేనందున ఆచారమే లేదనుట తర్కమునకు నిలువదు. మన త్రవ్వకములు చాలవరకు దిబ్బలపై, అనగా స్తూపవిహారములపై జరిగినవి. మట్టిగోడల యిండ్లు, కొయ్యపలకలు, పూలు మిగులవు. గుంటూరుమండలమున బుద్ధపాదమను చోట దొరకి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియములో నున్న కంచుప్రతిమలు ఒక మనుష్యుడు చేతులతో ఎత్తుకొని పోదగినంత చిన్నవి. అట్టివి విహారములందే యుండెననుటకు నిర్బంధము లేదు. ఇంటియందుండెననుటకు నిదర్శనమును లేదు. అందుచేత నా ప్రతిపాదన ‘పీఠము లేదు’ అని కాదు. పీఠము విధి కాలేదని, దానిని నడుపు సంప్రదాయము గ్రంథస్థము కాలేదని మాత్రమే.

చైనాయాత్రికుడు ఇత్సింగు (671లో బయలుదేరి 695లో స్వదేశమునకు చేరినవాడు) నాలందలో పదియేండ్లు గడిపి, నాటి భిక్షువుల నిత్యకృత్యములను కండ్లకు కట్టునట్లు వ్రాసెను. భిక్షువుల గదులలో కిటికీయందో, ప్రత్యేకముగా చేసిన గూటియందో ప్రతిమ నుంచెడివారట. దాని యెదుట భుజించునపుడు మధ్య గుడ్డతెర వ్రేలాడదీయుదురు. ప్రతిదినము దానిని స్నానము చేయించి గంధపుష్పముల నర్పింతురు. లోహప్రతిమలను సన్నని బూడిదతోనో ఇటుకపొడితోనో తోముట కూడ చెప్పబడినది. గూడు, తెర, తోముట, అభిషేకము: ఇవి పెద్దవిహారపు వైభవములు కావు, ఇంటి పనులు. మన పల్లెయిండ్లలో దీపపుగూటిని చూచినవారికి ఇత్సింగు చెప్పిన గూడు పరాయిదిగా తోచదు. అయితే ఆ గది భిక్షువుది. భారతీయబౌద్ధమున ఇల్లువంటి పీఠము దొరకినచోట సహితము ఆ యిల్లు సన్న్యాసిదే యగుట విచిత్రము.

ఈ గూడు గృహస్థుని యింటికి ఎట్లు చేరినదో తెలియుటకు హిమాలయములను దాటవలెను. విక్రమశీలనుండి 1042లో టిబెట్టునకు చేరి 1054లో అచటనే పరమపదించిన అతీశదీపంకరుని పేరుతో నేటికిని నడచుచున్న సంప్రదాయమొకటి కలదు. టిబెట్టు గృహస్థుని పీఠమున మూడు ఆధారములుండును. నడుమ ప్రతిమ బుద్ధుని కాయమునకు, చూచువారికి ఎడమవైపున గ్రంథము వాక్కునకు, కుడివైపున చిన్నస్తూపము చిత్తమునకు గుర్తులు. ముగ్గురికి చోటులేని పేదయింట ఒక పటమైనను చాలును. వాని ముందు వరుసగా ఏడు గిన్నెల నీరు. గిన్నెకు గిన్నెకు నడుమ యవగింజంత యెడముండవలెను. నీరు అంచునకు యవగింజంత తక్కువగా నుండవలెను. ఉదయము ఎడమనుండి కుడికి నింపుదురు. సాయంకాలము కుడినుండి ఎడమకు వంపి గిన్నెలను తుడిచి బోర్లించుదురు. అన్నిటికి నీరే యేల? నీరు వెలలేనిది, ఇచ్చినవానికి గర్వమును, లోభమును పుట్టింపదు. టిబెట్టునీటి స్వచ్ఛతను చూచి అర్పణకు నీరొక్కటియే చాలునని అతీశుడు చెప్పెనని వారి వాడుక.

ఆ యేడు గిన్నెల పేర్లను వినినచో తెలుగువాడు ఉలికిపడక మానడు. అర్ఘ్యము, పాద్యము, పుష్పము, ధూపము, ఆలోకము, గంధము, నైవేద్యము. ఎనిమిదవదగు శబ్దమునకు సాధారణముగా గిన్నె యుండదు. టిబెట్టువారు ఈ పేర్లను సంస్కృతముననే, తమ యుచ్చారణకు తగినట్లు, నేటికిని పలుకుచున్నారు. మన షోడశోపచారములలోని మాటలివి. బౌద్ధులు బ్రాహ్మణపూజను అనుకరించిరని దీనినిబట్టి తేల్చివేయుట సులభము. కాని ఉపచారములు దేవపూజలో చేరుటకు పూర్వమే గృహ్యసూత్రములలో అతిథిసత్కారవిధులుగా నున్నవి. ఆంధ్రదేశమున విరివిగా నాచరింపబడు ఆపస్తంబగృహ్యమున మధుపర్కమునకు వచ్చిన యతిథికి ఆసనము, పాద్యము, అర్ఘ్యము క్రమముగా నీయబడును. దేవునకైనను, బుద్ధునకైనను ఇంటివాడిచ్చునది ఇంటికి వచ్చిన పెద్దకిచ్చునదే. అమరావతి శిల్పమునందలి శూన్యాసనము పక్కన ఈ యేడుగిన్నెలను ఉంచి చూచినచో, ఒకటి ఆతిథ్యమునకు మొదటి యంగము, మిగిలినవి తరువాతి యంగములు. ఆసనము మనకు రాతిపై దక్కినది. గిన్నెలు టిబెట్టులో దక్కినవి.

నేపాళపు నేవారుల సాక్ష్యమును ఒక్కమాటలో చెప్పవచ్చును. సంస్కృతగ్రంథములతో కూడిన భారతీయబౌద్ధము గృహస్థుల మతముగా ఇప్పటికిని అచట జీవించియున్నది. వజ్రాచార్యులు పురోహితులై ఇంటిసంస్కారములను నడుపుదురు. ఇండ్లలో ‘ఆగం’ అను రహస్యదేవతాగృహములు కలవు. జైనమును ఇట్లే విచారింపవచ్చును. గుర్జరదేశమున సంపన్నులగు జైనగృహస్థులు చెక్కడపుపనితో కూడిన కొయ్యమందిరములను ఇండ్లలోనే నెలకొల్పుకొనిరి, వానిని ఘర్‌దేరాసరములందురు. శ్రమణధర్మములు రెండింటిలో ఒకటి భారతదేశమున నిలుచుటకు, రెండవది దాదాపు మాయమగుటకు కారణములను వెదకువారు ఆ కొయ్యమందిరమును లెక్కలోనికి తీసికొనవలెను.

జపాను వృత్తాంతము వేరొక పాఠమును చెప్పును. నిహోన్ షోకి యను వారి ప్రాచీనచరిత్ర ప్రకారము, తెమ్ము చక్రవర్తి 685లో దేశమందలి ప్రతియింటను బుద్ధగృహమును చేసి, ప్రతిమను గ్రంథమును ఉంచి పూజింపవలెనని యాజ్ఞాపించెను. ‘ప్రతియిల్లు’ అనుమాటకు ప్రజల యిండ్లని యర్థమా, మండలాధికారుల కచేరీలని యర్థమా యని పండితులలో వివాదము కలదు. రెండవ యర్థమే సరియని నాకు తోచును. ఏలయన నాటి సామాన్యుని గుడిసెలో ప్రతిమకును గ్రంథమునకును తావెక్కడ? ఆ శతాబ్దముననే హోర్యూజివిహారమందలి తమమూషి మందసము చేయబడినది. మిలమిలలాడు పురుగుల రెక్కలను లోహపుజాలరుల క్రింద పొదుగుటచే దానికాపేరు వచ్చినది. దాని పీఠముపై ఆకొన్న పులికి తన శరీరమునిచ్చిన బోధిసత్త్వుని కథ చిత్రింపబడినది. ఇది రాజాంతఃపురపు వస్తువేగాని జనుల వస్తువు కాదు.

జనుల యిండ్లలోనికి పీఠమును తెచ్చినవారిలో ప్రముఖుడు జోదో షిన్షూ శాఖకు చెందిన రెన్యో (1415–1499). విగ్రహములకు ఖర్చగును, కాగితమునకు కాదు. అమితాభుని నామమును తన చేతితో వ్రాసి, ఆ కాగితపుచుట్టలను పల్లెలలోని యనుయాయులకు పంచిపెట్టెను. గోడకు వ్రేలాడదీసిన యా నామమే మూలమూర్తి. శ్రావస్తిలో ‘మనోమాత్రము’ అనబడిన ఉద్దేశికచైత్యమునకు ఇంతకంటె మంచి ఉదాహరణము నాకు కనబడలేదు.

తరువాత రాజ్యము చేయివేసినది. 1637–38 నాటి షిమబారా తిరుగుబాటు పిమ్మట తోకుగవా ప్రభుత్వము క్రైస్తవమును నిర్మూలించుటకై ప్రతికుటుంబము ఏదో యొక బౌద్ధాలయమున పేరు వ్రాయించుకొని, తాము క్రైస్తవులము కామని యా యాలయమునుండి ధ్రువపత్రము పొందవలెనని కట్టడిచేసెను. ఈ కాలముననే బుత్సుదన్, అనగా తలుపులు గల గృహమందసము, ఇంటింట వ్యాపించినది. లోపల సుమేరుపర్వతమును తలపించు వేదిక. దానిపై శాఖనుబట్టి అమితాభుడో, శాక్యమునియో, మహావైరోచనుడో. ముందు ధూపపాత్ర, దీపపుసెమ్మె, పూలకూజ. ఉదయము వండిన యన్నములో మొదటిముద్ద అచటికి పోవును. కాని పీఠమున మరియొక వస్తువు కూడ చేరినది: ఇహాయి, అనగా గతించినవారి పేరు వ్రాసిన కొయ్యపలక. ఇది కన్ఫ్యూషియసు మార్గమునుండి వచ్చినది. 49వ దినము మొదలు 33వ యేడు వరకు నడచు శ్రాద్ధకర్మలు ఆలయమునకు జీవనాధారములైనవి. క్రమముగా ఇంటివారి దృష్టిలో బుత్సుదన్ బుద్ధుని పీఠము కాక తాతముత్తాతల పీఠమైనది. ఇంట ఎవరును చనిపోనిదే దానిని కొనుటయేల యనువారు నేటికిని కలరు. రెన్యో శాఖవారు మాత్రము సూత్రమునుబట్టి ఇహాయిని ఒప్పుకొనరు. సుఖావతిలో నీటికి కొరతలేదని నీటిగిన్నెను సైతము పెట్టరు. పట్టణములలో ఇండ్లు ఇరుకగుటచే ఇటీవల బుత్సుదన్‌లు చిన్నవగుచున్నవి; కొన్ని యిండ్లలో కానరావు.

నిలుకడకు మూల్యమని నేను ముందన్నది దీనినే. పాళిలోని అయిదు బలులలో పితృబలి యొకటి. బుద్ధుడు దానిని గృహస్థునకే విడిచెను. జపానులో పితృబలి బుద్ధుని పీఠమునే ఆక్రమించినది. మనదేశమున అందుకు విపర్యయము జరిగినది: పీఠము పితరులది, దేవతలది గానే యుండి, బుద్ధుడు అందొక మూలకు చేరెను. దశావతారముల పటములలో ఆయన మన యిండ్లలోనే యున్నాడు, కాని వరుసలో తొమ్మిదవవాడుగా.

ఈ లోటును ఆధునికులలో స్పష్టముగా గుర్తించినవాడు డాక్టరు అంబేద్కరు. మరణానంతరము 1957లో వెలువడిన ‘బుద్ధుడు–ఆయన ధమ్మము’ అను గ్రంథమున, సంఘములో చేరువానికి దీక్ష యుండెనేగాని ధమ్మమున చేరు ఉపాసకునకు ప్రత్యేకదీక్ష లేకపోయెననియు, అందుచే గృహస్థులు ఒకేకాలమున పలుమతముల ననుసరించుచుండిరనియు, భారతదేశమున బౌద్ధపతనమునకిది యొక కారణమనియు ఆయన వ్రాసెను. ఆయన చెప్పినది దీక్షను గూర్చి. నేనిట పీఠమును గూర్చి విచారించుచున్నాను. రెండును ఒకే ఖాళీయొక్క రెండు పార్శ్వములు. 1956 అక్టోబరు 14న నాగపురమున జరిగిన దీక్షలో ఇచ్చిన 22 ప్రమాణములలో మొదటిదే బ్రహ్మవిష్ణుమహేశ్వరులను పూజింపనని. అనగా ఆ దీక్ష గృహస్థుని యింటిగోడవద్దకు నేరుగా పోయినది. సిగాలుని కథలో బుద్ధుడు తాకక విడిచిన చోటు ఇదియే.

అప్పటినుండి మహారాష్ట్రమునను, కొంతవరకు తెలుగునాటను, దీక్షగొన్న కుటుంబముల యిండ్లలో క్రొత్తపీఠము వెలసినది. గోడకు ఒక పలక. దానిపై బుద్ధుని చిన్నప్రతిమ లేక పటము, ప్రక్కన అంబేద్కరు పటము. ముందు మైనపువత్తి, అగరువత్తి, పువ్వులు. త్రిశరణ పంచశీలములను పాళిలోనే చదువుదురు. ఉపచారములు ఇన్నియే. అంబేద్కరు పటమును గురువునకిచ్చు గౌరవముగా భావింపవలెనా, పితృస్థానముగా భావింపవలెనా యనునది జపానుచరిత్రను చదివినవారికి తప్పక కలుగు సందేహము. గురుస్థానమనియే నా తలంపు. కాని ఇండ్లను చూడక తీర్పు చెప్పుట తగదు. 2006 జనవరిలో అమరావతియందు దలైలామా కాలచక్రాభిషేకమును జరిపినపుడు ఏడుగిన్నెల సంప్రదాయమువారును, ఈ పలకపీఠముల వారును ఒకే ఊర కూడుకొనిరి. కేతరాజు దీపశాసనమున్న ఊరది.

పరిశోధకవిద్యార్థులు చేయదగిన పని ఇందొకటి కలదు. ఈ పలకలు, పటములు కాగితపువి, కొయ్యవి. విధికుని ఫలకమువలె రెండువేల యేండ్లు నిలుచునవి కావు. ఏ యింట ఎప్పుడు పలక కొట్టిరి, దాని స్థానమున అంతకుముందేమి యుండెను, తీసిన పాతపటముల నేమి చేసిరి, మొదట దీపము వెలిగించినది ఇంటిలో నెవరు అను సంగతులను ఆ యిండ్లలోని ముసలివారు ఇంకను చెప్పగలరు.